డెస్క్‌టాప్‌లో గొంతుతో తెలుగు: దస్తావేజుల ఆఫీసుకు ఏది పనికొస్తుంది?

1. లేఖరి_గాజువాక

దస్తావేజుల ఆఫీసు కోసం అడుగుతున్నాను. రెండు డెస్క్‌టాప్‌లు, రెండూ విండోస్ 11, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఒకదాంట్లో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. రెండోదాంట్లో వర్డ్. మనం తెలుగులో చెబుతూ ఉంటే అది టైపు చేసుకుపోవాలి. "సేవ్ చెయ్యి, ప్రింటు తియ్యి" అన్నా వినాలి. అలాంటి అసిస్టెంటు ఏదైనా ఉందా? పైన ఫ్యాను, ఎదురుగా మెయిన్ రోడ్డు. ఇంకోటి, పార్టీల ఆధార్ నంబర్లూ ఆస్తి వివరాలూ బయటికి పోకూడదు.

2. శబ్దతరంగం

మీరడిగినవన్నీ తెలుగులో చేసే అసిస్టెంటు ఒక్కటీ లేదండీ. ముందే చెప్పేస్తే మీకు వారం రోజుల వెతుకులాట తప్పుతుంది. విండోస్ 10తో 2015లో వచ్చిన కోర్టానాకు తెలుగు ఎప్పుడూ రాలేదు, దాన్ని 2023లో మైక్రోసాఫ్టే ఆపేసింది. అసిస్టెంటు అనే మాట పక్కన పెట్టి, పనిని మూడు ముక్కలు చేసుకోండి: చెప్పింది రాయడం, కంప్యూటరును నడపడం, రాసింది చదివి వినిపించడం. మూడింటికీ వేర్వేరు పనిముట్లు ఉన్నాయి, ఏ ఒక్కటీ మిగతా రెండు పనులూ సరిగా చెయ్యదు.

రాయడానికి విండోస్ వాయిస్ టైపింగ్ ఉంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్, యాడ్ ఎ లాంగ్వేజ్ నొక్కి తెలుగు చేర్చండి. తర్వాత వర్డ్‌లో కర్సర్ పెట్టి, విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కి తెలుగు కీబోర్డుకు మారండి. అప్పుడు విండోస్ కీ, హెచ్ కలిపి నొక్కితే చిన్న మైకు పెట్టె వస్తుంది. ఈ వరస తప్పితే అంతా తప్పుతుంది. వాయిస్ టైపింగ్ వినే భాష, ఆ క్షణాన ఉన్న కీబోర్డు భాషే. కీబోర్డు ఇంగ్లీషులో ఉంటే "ఈ దిగువ షెడ్యూలు" అని మీరు ఎంత స్పష్టంగా పలికినా ఏదో ఒక ఇంగ్లీషు వాక్యం పడుతుంది. చాలామంది "తెలుగు రావట్లేదు" అని వదిలేసేది ఇక్కడే.

రెండో దారి గూగుల్ డాక్స్. క్రోమ్‌లో డాక్యుమెంటు తెరిచి టూల్స్ మెనూలో వాయిస్ టైపింగ్, లేదా కంట్రోల్, షిఫ్ట్, ఎస్. మైకు బొమ్మ పైన ఉన్న భాషల జాబితాలో తెలుగు ఎంచుకోవాలి. గూగుల్ మాట గుర్తింపులోకి తెలుగు వచ్చింది 2017లో, మామూలు వాడుక మాటల వరకు బాగానే పడుతుంది. ఒక ఇబ్బంది ఉంది: మధ్యలో వేరే ట్యాబు గానీ వేరే విండో గానీ నొక్కారా, మైకు ఆగిపోతుంది. ఈసీ కాయితం (ఆస్తి లావాదేవీలు చూపే ధ్రువపత్రం) పక్క విండోలో తెరిచి చూస్తూ చెప్పడం కుదరదన్నమాట. దాన్ని ప్రింటు తీసి ముందు పెట్టుకోవాలి, లేదా ఫోన్లో తెరుచుకోవాలి.

కంప్యూటరును నడపడానికి వాయిస్ యాక్సెస్. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, స్పీచ్ కింద ఉంటుంది. దీనికి తెలుగు రాదు, ఇంగ్లీషు (ఇండియా) పెట్టుకోండి, మన యాసకు అమెరికన్ కంటే అది నయం. భాషా ఫైలు ఒకసారి దిగాక నెట్ లేకపోయినా పనిచేస్తుంది. "ఓపెన్ వర్డ్", "క్లిక్ సేవ్", "స్క్రోల్ డౌన్" లాంటివి చాలు. పేరు తెలియని బటన్ ఉంటే "షో నంబర్స్" అనండి, తెర మీద నొక్కదగ్గ ప్రతిదాని పక్కనా అంకె వస్తుంది, ఆ అంకె పలికితే నొక్కినట్టే. తెర అంతా తెలుగులో ఉండాలని విండోస్ డిస్‌ప్లే భాషను మార్చుకున్నవాళ్ళకు ఈ అంకెలే దిక్కు, ఎందుకంటే "భద్రపరచు" అన్న బటన్‌ను ఇంగ్లీషు గుర్తింపు పట్టుకోలేదు.

ఈ రెండింటినీ ఒకేసారి విననివ్వొద్దు. వాయిస్ యాక్సెస్ మెలకువగా ఉండగా మీరు తెలుగు చెబితే, దాన్నీ ఇంగ్లీషుగా వినేసి మధ్యలో చెత్త టైపు చేస్తుంది. "వాయిస్ యాక్సెస్ స్లీప్" అని పడుకోబెట్టి, ఆ తర్వాతే తెలుగు చెప్పండి. పనయ్యాక "వాయిస్ యాక్సెస్ వేక్ అప్". నిజానికి మీ చేతులు బాగానే ఉంటే సేవ్‌కీ ప్రింటుకీ కంట్రోల్ ఎస్, కంట్రోల్ పీ నొక్కడమే వేగం. చేతులకు ఇబ్బంది ఉన్నవాళ్ళకు వాయిస్ యాక్సెస్ ప్రాణం లాంటిది, మిగతావాళ్ళకు అవసరం లేదు.

3. డీటీపీ_డాబాగార్డెన్స్

పేజ్‌మేకర్ ఉన్న సిస్టమ్‌లో ఇవేవీ నేరుగా పనిచెయ్యవు. గొంతుతో వచ్చేదంతా యూనికోడ్, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉన్న పద్ధతి. అను ఫాంట్లు యూనికోడ్ కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు, ఒత్తులు పెట్టి చేసినవి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దానికి యూనికోడ్ తెలియదు. అందుకే వాయిస్ టైపింగ్ దాంట్లోకి వదిలితే ప్రశ్నార్థకాలు పడతాయి.

వర్డ్‌లో చెప్పించి, యూనికోడ్ నుంచి అనుకు మార్చే కన్వర్టర్‌తో మార్చి, పేజ్‌మేకర్‌లో అతికించవచ్చు. కానీ మార్చాక తప్పకుండా చూడాల్సినవి: క్ష, జ్ఞ, ర కింద ఒత్తు ఉన్న మాటలు (ఆర్థిక, స్వర్గీయ, పూర్తి), రెండు ఒత్తులు కలిసినవి (స్త్రీ, రాష్ట్రం). కన్వర్టర్లు తడబడేది వీటి దగ్గరే. దస్తావేజుకు పేజ్‌మేకర్ అక్కర్లేదు కదండీ. స్టాంపు కాగితం మార్జిన్‌కు సరిపడా వర్డ్‌లో ఒక టెంప్లేటు చేసుకుని నిర్మలా యూఐ గానీ గౌతమి గానీ 14 పాయింట్లలో పెట్టుకోండి. పెళ్ళికార్డులు, కరపత్రాలకు పేజ్‌మేకర్ అలాగే ఉంచుకోండి.

4. లేఖరి_గాజువాక

సరే, వర్డ్‌కే మారతాను. మరి మైకు? సెల్‌ఫోన్ హెడ్‌ఫోన్ ఉంది, బ్లూటూత్‌ది కూడా ఉంది. సీపీయూ ముందు గుచ్చితే మైకు పనిచెయ్యట్లేదు, పాట మాత్రం వినిపిస్తోంది.

5. మైకుపని_కంచరపాలెం

మీ హెడ్‌ఫోన్ పాడవలేదు. ఫోన్ పిన్ను చూడండి, దాని మీద మూడు నల్ల గీతలు ఉంటాయి, అంటే నాలుగు భాగాలు: ఎడమ, కుడి, ఎర్త్, మైకు. డెస్క్‌టాప్‌లో ఆకుపచ్చ, గులాబీ రంధ్రాలు వేర్వేరు, ఒక్కోదానికి మూడు భాగాల పిన్నే సరిపోతుంది. అందుకే ఆకుపచ్చలో పాట వస్తుంది, మైకుకు దారి లేదు. ఒకవైపు నాలుగు భాగాల రంధ్రం, రెండోవైపు రెండు పిన్నులు ఉండే స్ప్లిటర్ తెచ్చి, మైకు గుర్తు ఉన్న పిన్నును గులాబీలో పెట్టండి. ఇయర్‌ఫోన్ కలిపే సాదా "వై" స్ప్లిటర్ వేరు, అది తెస్తే డబ్బు దండగ. కొట్లో "మైకు, స్పీకరు విడదీసేది" అని గట్టిగా అడగండి.

బ్లూటూత్‌ది ఈ పనికి పెట్టొద్దు. పాట వినేటప్పుడు ఒక పద్ధతి, మైకు తెరవగానే ఇంకో పద్ధతికి మారుతుంది, అది ఫోన్ కాల్ కోసం చేసింది. అప్పుడు గొంతు 8 కిలోహెర్ట్జ్ శాంపిలింగ్‌తో, అంటే సెకనుకు 8 వేల సార్లు కొలిచి, వెళ్తుంది, కాస్త కొత్తవైతే 16. ఎనిమిదితో పంపితే 4 కిలోహెర్ట్జ్ పైనున్న శబ్దమంతా పోతుంది. స, శ, ష, చ, ఫ తేడా తెలిసేది అక్కడే. "శాశ్వత" అన్నది "సాస్వత" అయినా, "షరతు" అన్నది ఇంకేదైనా అయినా తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, దానికి ఆ శబ్దం అందనే లేదు.

వీలైతే యూఎస్‌బీ హెడ్‌సెట్ కొనండి. విశాఖలో అలా చెప్పడానికి కారణం ఉప్పు గాలి. సముద్రం ఇంత దగ్గర్లో ఉంటే 3.5 మిల్లీమీటర్ల జాక్‌ల లోపలి రేకులు మసిబారతాయి, పిన్ను కదిలినప్పుడల్లా కరకర వస్తుంది. ఆ కరకరను గుర్తింపు ఒక అక్షరంగా తీసుకుంటుంది. ఉన్నదాంతోనే నడపాలంటే సిస్టమ్ ఆపేసి, కాంటాక్ట్ క్లీనర్ పిన్నుకు కొద్దిగా పూసి, ఓ పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించండి. నూనెలు వద్దు.

ఇక అమర్చడం:

మైకు నోటికి ఎదురుగా కాదు, పెదవి కొసకు పక్కగా రెండు వేళ్ళ దూరంలో. ఎదురుగా పెడితే ప, ఫ, బ, భ పలికినప్పుడల్లా ఊపిరి కొట్టి ధబ్బుమంటుంది. స్పాంజి తొడుగు తప్పనిసరి, ఫ్యాను గాలి నేరుగా మైకు మీద పడితే వచ్చే హోరుకు అదే మందు. టేబుల్ మైకు అయితే రోడ్డు వైపు దాని వీపు ఉండాలి, నోటికి జానెడు దూరం దాటొద్దు.

రన్ పెట్టెలో ఎంఎంసిస్ డాట్ సీపీఎల్ (mmsys.cpl) టైపు చేస్తే పాత సౌండ్ కిటికీ తెరుచుకుంటుంది. రికార్డింగ్ ట్యాబులో మీ మైకు, ప్రాపర్టీస్, లెవెల్స్. అక్కడ మైక్రోఫోన్ బూస్ట్ 30 డీబీలో ఉంటే 10కి దించండి. బూస్ట్ మీ గొంతును ఎంత పెంచుతుందో ఫ్యానునూ అంతే పెంచుతుంది. మైకును దగ్గరికి తెచ్చుకోవడం వేరు, బూస్ట్ పెంచడం వేరు.

ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాంలో పది సెకన్లు మాట్లాడకుండా, ఇరవై సెకన్లు మామూలుగా చదువుతూ రికార్డు చెయ్యండి. మౌనంలో మీటరు మైనస్ 50 డీబీ కింద, మాటల్లో పై కొసలు మైనస్ 12 నుంచి మైనస్ 6 మధ్య ఉంటే మైకు సిద్ధం. సున్నా తాకుతుంటే గొంతు చితికిపోతోంది, వాల్యూమ్ తగ్గించాలి.

మౌనంలో సన్నగా "మ్‌మ్" అని ఒకే శ్రుతిలో వినిపిస్తే అది 50 హెర్ట్జ్ కరెంటు హమ్. సీపీయూ ఇనప భాగాన్ని చేత్తో తాకినప్పుడు ఆ శబ్దం మారితే ప్లగ్గులో ఎర్త్ సరిగా లేకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి, వాయిదా వెయ్యొద్దు. మైకు కోసం కాదు, మనిషి కోసం.

6. సీతమ్మధార_సౌండ్

మైకు అంతా సరిగ్గా ఉన్నా పనిచెయ్యకపోతే రెండు స్విచ్చులు చూడండి. సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, మైక్రోఫోన్‌లో "డెస్క్‌టాప్ యాప్స్" అన్నది ఆన్‌లో ఉండాలి. క్రోమ్‌లో చిరునామా గడి ఎడమ పక్క గుర్తు నొక్కి మైక్రోఫోన్‌కు అనుమతి ఇవ్వాలి. వెబ్‌క్యామ్ ఉన్న సిస్టమ్‌లో క్రోమ్ దాని మైకును ఎంచుకుని కూర్చుంటుంది, సైట్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి హెడ్‌సెట్‌కు మార్చాలి.

7. లేఖరి_గాజువాక

హెడ్‌సెట్ పెట్టి చూశాను, మామూలు మాటలు పడుతున్నాయి. కానీ "కామా", "ఫుల్‌స్టాప్" అంటే గూగుల్ డాక్స్ ఆ మాటలనే టైపు చేస్తోంది. "దఖలుపరచి", "యావన్మంది", "తక్రారు" దగ్గర ఏవేవో వస్తున్నాయి.

8. శబ్దతరంగం

డాక్స్‌లో విరామ చిహ్నాలు పలికితే పడే సౌకర్యం ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ లాంటి కొన్నింటికే ఉంది, తెలుగుకు లేదు. "సెలెక్ట్ పేరాగ్రాఫ్" లాంటి ఆజ్ఞలు కూడా ఖాతా భాష, డాక్యుమెంటు భాష రెండూ ఇంగ్లీషైతేనే.

ఉపాయం ఇది. దస్తావేజులో ఎక్కడా రాని, గుర్తింపు ఎప్పుడూ ఒకేలా రాసే ఒక తెలుగు మాట ఎంచుకోండి. "బిందువు" బాగా పనికొస్తుంది. వాక్యం చివర "బిందువు" అనండి. అంతా అయ్యాక కంట్రోల్ హెచ్‌తో, ముందు ఒక ఖాళీ పెట్టి " బిందువు" వెతికి, దాని బదులు చుక్క పెట్టించండి. "ఫుల్‌స్టాప్" అనే మాటే వాడితే అది ఒకసారి విడిగా, ఒకసారి కలిపి పడుతుంది. కలిపి పడ్డప్పుడు "ల్" తర్వాత కంటికి కనబడని అక్షరం ఒకటి ఉండొచ్చు, మనం చేత్తో టైపు చేసి వెతికితే దొరకదు. అలాంటి మాట మార్చాలంటే డాక్యుమెంటులో ఉన్నదాన్నే కాపీ చేసి వెతికే గడిలో అతికించాలి.

పాత మాటల సంగతి. ఈ గుర్తింపులన్నీ ఇప్పటి వాడుక తెలుగు మీద తయారైనవి. "దఖలుపరచి" వాటికి అరుదు. వాటితో పోరాడకండి. దస్తావేజులో మారని భాగాన్ని గొంతుతో చెప్పడమే అనవసరం. "నా సొంత ఖర్చుల నిమిత్తం" నుంచి "యావన్మందికి గానీ ఎట్టి తక్రారు లేదని" వరకు వర్డ్‌లో ఒకసారి తప్పుల్లేకుండా టైపు చేసి, మొత్తం ఎంచుకుని ఆల్ట్, ఎఫ్3 నొక్కండి. పేరు అడుగుతుంది, "క్రయం1" లాంటిది ఇవ్వండి. ఇకమీదట ఆ పేరు టైపు చేసి ఎఫ్3 నొక్కితే పేరా మొత్తం దిగుతుంది. క్రయానికి, దానానికి, తనఖాకు, పంపకానికి విడివిడిగా చేసుకోండి. గొంతు దేనికంటే ప్రతి దస్తావేజుకూ కొత్తగా రాయాల్సినదానికి: ఆస్తి ఎలా సంక్రమించింది, ఇంట్లో ఎన్ని గదులు, దారి ఎటువైపు, బావి ఎవరికి ఉమ్మడి. చేతులు నొప్పిపుట్టేది ఆ భాగంతోనే.

9. మద్దిలపాలెం_మాట

మన వైపు యాస గురించి ఎవరూ అనలేదు. "ఏటి", "ఎల్లాలి", "ఒచ్చీసినారు" అని ఇంట్లో అన్నట్టే మైకు దగ్గర అంటే గుర్తింపు తడబడుతుంది. మాట మొదటి "వ" మింగేస్తాం, అది దానికి కావాలి. పత్రికలో వార్త పైకి చదివినట్టు చెప్పాలి, అలాగని పొడిపొడిగా ఒక్కొక్క మాటే విడగొట్టకూడదు. చుట్టూ ఉన్న మాటలను బట్టే అది సరైన మాట ఎంచుకుంటుంది, విడగొడితే ఆ ఆధారం పోతుంది. వాక్యం మొత్తం మనసులో అనుకుని ఒక్క ఊపులో చెప్పి ఆగడం మేలు.

మన భాషను వినలేకపోవడం మాత్రం మన తప్పు కాదండీ. శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా జనం మాట్లాడే తెలుగు ఈ యంత్రాలకు చాలినంతగా అందలేదు, అది అందించాల్సిన పని ఇంకా ఉంది.

10. ఇంటిసర్వర్

రహస్యం సంగతి ఎవరూ తేల్చలేదు. విండోస్ తెలుగు వాయిస్ టైపింగూ, గూగుల్ డాక్సూ రెండూ గొంతును కంపెనీ సర్వర్లకు పంపే గుర్తిస్తాయి. నెట్ ఆపేసి చూడండి, రెండూ ఆగిపోతాయి. వ్యక్తిగత సమాచారం కాపాడటానికి 2023లో చట్టం కూడా వచ్చింది. కాబట్టి పేర్లు, ఆధార్, పాన్, డోరు నంబరు గొంతుతో చెప్పొద్దు. "తూర్పు, ఫలానా వారి స్థలం" అని చెప్పి, "ఫలానా" ఉన్నచోటల్లా చేత్తో నింపండి.

అంతా ఆఫీసులోనే ఉండాలంటే విస్పర్ అనే మాట గుర్తింపు ప్రోగ్రాం. ఓపెన్‌ఏఐ 2022 సెప్టెంబరులో ఉచితంగా విడుదల చేసింది, తెలుగు వింటుంది, నెట్ అక్కర్లేదు. కానీ మీ సిస్టమ్‌లకు బరువు. చిన్న మోడళ్ళు తెలుగును సరిగా రాయలేవు, పెద్దదానికి సుమారు 10 జీబీ గ్రాఫిక్స్ మెమరీ కావాలి. గ్రాఫిక్స్ కార్డు లేని 8 జీబీ సిస్టమ్‌లో చెబుతుండగానే రాయించుకోవడం జరగని పని. కార్డు ఉన్న సిస్టమ్ ఒకటి సమకూర్చుకుంటే, రికార్డు చేసిన ఫైలును రాతగా మార్చుకోవచ్చు. ఫైలు 16 కిలోహెర్ట్జ్, మోనో, వేవ్ రూపంలో ఉంటే మంచిది.

దాంతో వచ్చే చిక్కులు మూడు. భాష తెలుగు అని మనమే చెప్పాలి, దానికి వదిలేస్తే మొదటి 30 సెకన్లు విని ఊహిస్తుంది, కొన్నిసార్లు కన్నడ లిపిలో రాసుకుపోతుంది. మౌనం ఎక్కువ ఉన్నచోట ఎవరూ అనని వాక్యం సృష్టిస్తుంది, లేదా ఒకే మాట పదే పదే రాస్తుంది. అందుకని ఖాళీలు ముందే కత్తిరించాలి. మూడోది మన లిపి వల్ల: ఒక్కో తెలుగు అక్షరాన్ని అది కొన్ని ముక్కలుగా చేసి రాస్తుంది, ఒక్కో 30 సెకన్ల ముక్కకు రాయగల పరిమితి ఉంది. గబగబా చదివితే ఆ పరిమితి నిండిపోయి వాక్యం తోక తెగుతుంది. నిదానంగా చదవండి. మద్రాసు ఐఐటీ వాళ్ళ ఏఐ4భారత్ మన భాషలకోసమే తయారుచేసిన మోడళ్ళనూ ఉచితంగా పెట్టింది, కార్డు ఉన్నవాళ్ళు అవీ చూడాలి.

దస్తావేజులో లేని వాక్యం పుట్టుకురావడం చిన్న విషయం కాదు. విస్పర్‌తో తీసిన ప్రతి పేజీనీ రికార్డింగు వింటూ సరిచూడాల్సిందే.

11. అక్షరదీపం

చదివి వినిపించడం గురించి నేను చెబుతాను. తప్పు పట్టడానికి కంటి కంటే చెవి నమ్మకం. గొంతుతో రాయించిన దాంట్లో అక్షరదోషాలు ఉండవు, తప్పు మాటలు ఉంటాయి. "విక్రయించిన", "వినియోగించిన" రెండూ సక్రమమైన మాటలే, కళ్ళు రెండోదాన్ని దాటిపోతాయి. వింటే టక్కున ఆగుతాం.

ఎడ్జ్ బ్రౌజర్‌లో కంట్రోల్, షిఫ్ట్, యూ నొక్కితే చదువుతుంది. తెలుగు గొంతులు రెండు, మోహన్, శ్రుతి. రెండూ స్పష్టంగా ఉంటాయి. వేగం కొంచెం తగ్గించుకోండి. పీడీఎఫ్ తెరవొద్దు, తెలుగు పీడీఎఫ్‌ల లోపలి అక్షరాల వరస తరచూ చెదిరి ఉంటుంది, ఒత్తులు ఎక్కడివో అక్కడ చదువుతుంది. వర్డ్ నుంచి వెబ్ పేజీగా సేవ్ చేసి దాన్ని ఎడ్జ్‌లో తెరవాలి. ఈ గొంతులు కూడా ఆన్‌లైన్‌వే, కాబట్టి పేర్లు నింపకముందే వినండి.

పేర్లతో సహా వినాలంటే ఎన్‌వీడీఏ పెట్టుకోండి. ఉచితం, చూపులేనివాళ్ళు రోజంతా వాడేది అదే. దాంతో వచ్చే ఈస్పీక్ గొంతుకు తెలుగు వచ్చు, పూర్తిగా మీ సిస్టమ్‌లోనే నడుస్తుంది. గొంతు యంత్రంలా ఉంటుంది, రెండు రోజుల్లో చెవికి అలవాటవుతుంది. ఇన్సర్ట్, కింది బాణం కలిపి నొక్కితే కర్సర్ ఉన్నచోటి నుంచి చదువుతుంది, కంట్రోల్ నొక్కితే ఆగుతుంది. ఒక్కో అక్షరం సరిచూడాలంటే కుడి బాణం. ఎన్‌వీడీఏ మాట్లాడుతుండగా వాయిస్ టైపింగ్ తెరవొద్దు, స్పీకరు పెట్టి ఉంటే దాని మాటల్నే మైకు మళ్ళీ టైపు చేస్తుంది.

12. లేఖరి_గాజువాక

చాలా ఉపయోగపడింది. చివరిగా ఒకటి, సర్వే నంబర్లు, విస్తీర్ణం, సొమ్ము? చెబితే ఒకసారి అంకెల్లో, ఒకసారి అక్షరాల్లో వస్తున్నాయి.

13. శబ్దతరంగం

ఏ అంకే గొంతుతో వద్దు. "112 బై 3 ఏ" అన్నప్పుడు గీత పడుతుందో, "బై" పడుతుందో, ఏ నిమిషాన ఎలా వస్తుందో చెప్పలేం. అరవై, ఇరవై చెవికి దగ్గర. డెబ్బై, తొంభై కూడా. ఫ్యాను హోరులో మొదటి అక్షరం మునిగిందంటే ఎకరాలు తారుమారు. అంకె రావాల్సినచోట మళ్ళీ "ఫలానా" అనే చెప్పి, కుడివైపు నంబర్ ప్యాడ్‌తో కొట్టండి. తెలుగు కీబోర్డులో ఉన్నా ప్యాడ్ మామూలు అంకెలే ఇస్తుంది.

కొట్టాక విస్తీర్ణాన్ని రెండు కొలతల్లో రాసి ఒకదాంతో ఒకటి సరిచూడండి. ఒక సెంటు 48.4 చదరపు గజాలు. 5 సెంట్లు అని ఉంటే గజాల్లో 242 రావాలి. అక్కడ 224 ఉంటే ఎవరో అంకెలు తారుమారు చేశారు. హద్దుల కొలతలతో కూడా చూడండి: తూర్పు పడమరలు 36 అడుగులు, ఉత్తర దక్షిణాలు 60.5 అడుగులు ఉంటే 2178 చదరపు అడుగులు, తొమ్మిదితో భాగిస్తే 242 గజాలు. మూడూ కలిస్తేనే ప్రింటు.